యుద్ధంలో పోయిన తాతగారి జాడ తీయడం: ఇంటి పెట్టె నుంచి ఊరి శిలాఫలకం దాకా

"మా ముత్తాత బర్మా యుద్ధంలో పోయాడట" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ మిగలని ఇళ్లు కోస్తా జిల్లాల్లోనూ రాయలసీమలోనూ సికింద్రాబాద్ చుట్టుపక్కలా చాలానే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే పేరు ముందు మిలిటరీ అన్న మాట అతుక్కునే పోయింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని మనిషి సైనిక నంబరు, పటాలం, పోయిన తేదీ, పేరు చెక్కిన గోడ దాకా వెళ్లొచ్చు. డబ్బు పెద్దగా అక్కర్లేదు. స్పెల్లింగుల దగ్గర మాత్రం చాలా ఓపిక పట్టాలి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికులు, వైమానికుల గురించి. 1947 తర్వాతివాళ్ల సంగతి వేరు. దాని దారి తేలిక కాబట్టి తర్వాత రెండు మాటల్లో చెప్తాం.

మొదట ఇంట్లో

ఇంటర్నెట్‌కి వెళ్లేముందు ట్రంకు పెట్టె దించండి. పతకం దొరికితే బొమ్మ చూసి పక్కన పెట్టకండి, అసలు సంగతి అంచు మీద ఉంటుంది. మొదటి యుద్ధపు పతకాల అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, పటాలం కొట్టి ఉంటాయి. రెండో యుద్ధానికి బ్రిటిష్ సైనికులకిచ్చిన పతకాల మీద పేర్లు లేకపోయినా, భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద మామూలుగా పేర్లు కొట్టారు. చింతపండుతోనూ బూడిదతోనూ తోమి తోమి ఆ అక్షరాలు అరిగిపోయిన పతకాలు చాలా ఉన్నాయి. ఇప్పటికైనా తోమడం ఆపండి. చదవాలంటే గది చీకటి చేసి, టార్చిని పతకం పక్క నుంచి దాదాపు నేలబారుగా పట్టుకోండి. గుంటల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. కొంచెం కొంచెం తిప్పుతూ అంచు మొత్తానికి ఏడెనిమిది ఫొటోలు తీయండి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఏమీ కనబడదు.

అరచేతి వెడల్పున, సుమారు 120 మిల్లీమీటర్ల అడ్డుకొలతతో గుండ్రటి కంచు బిళ్ళ దొరికితే అది వేరే సంగతి. బ్రిటానియా దేవత, పక్కన సింహం, ఒక చిన్న చట్రంలో ఉబ్బెత్తుగా మనిషి పేరు ఉంటాయి. హోదా ఉండదు. ఇది మొదటి యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు మాత్రమే ఇచ్చినది. పతకాలు బతికి వచ్చినవాళ్లకూ ఇచ్చారు, కాబట్టి పతకం ఉన్నంత మాత్రాన మనిషి యుద్ధంలో పోయినట్టు కాదు. ఈ బిళ్ళ ఉంటే మాత్రం అనుమానమే లేదు.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఏ యుద్ధం?" అని అడిగితే జవాబు రాదు. ఇలా అడగండి: పెన్షను ఎవరి పేరున వచ్చేది, ఎవరు వెళ్లి తెచ్చేవారు? ఆయన వెళ్లినప్పుడు ఇంట్లో పిల్లలు ఎంతెంతవాళ్లు? తండ్రి పేరేమిటి? భార్య పేరేమిటి? సైన్యంలో చేరినప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు? ఈ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. ఇప్పుడు మీ కుటుంబం ఉన్న ఊరు ఆయన భార్య పుట్టిల్లు అయి ఉండొచ్చు. విధవరాలైన ఆమె పిల్లలతో పుట్టింటికి చేరితే వంశం అక్కడే స్థిరపడింది, సైన్యం కాగితాల్లో మాత్రం మొగుడి ఊరే ఉంది. రెండు ఊళ్లూ రాసిపెట్టుకోండి. మాజీ సైనికుల కోటాలో భూమి వచ్చి ఉంటే ఆ పట్టా కాగితాల్లో సైనికుడి నంబరు ఉండే అవకాశం ఉంది, అదీ చూడండి.

కమిషన్ రిజిస్టరులో వెతకడం

ఇక అసలు చోటు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. యుద్ధంలో పోయినవారి సమాధులూ స్మారకాలూ చూసుకోవడానికి 1917లో పుట్టిన సంస్థ, రెండు యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు దాని దగ్గర ఉన్నాయి. వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు.

ముందు అర్హత సంగతి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకూ, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకూ లెక్క. ఆ తేదీల మధ్య కొలువులో ఉండగా ఏ కారణంతో పోయినా అందులోకి వస్తారు. తూటా తగలాల్సిన పని లేదు. మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) కలరాతో పోయినా, సికింద్రాబాద్ ఆసుపత్రిలో జ్వరంతో పోయినా, 1946లో లారీ బోల్తాపడి పోయినా ఒకటే. "మా తాత జబ్బుతో పోయాడు, యుద్ధంలో కాదు" అని వెతకడమే మానేసినవాళ్లు చాలామంది. కొలువు నుంచి విడుదలై ఇంటికొచ్చాక పోయినవారి విషయంలో మాత్రం ఆ చావుకు కారణం సైనిక సేవేనని రుజువుండాలి.

అందరూ చేసే పొరపాటు పేరు పెట్టెలో ఇంటిపేరు కొట్టడం. ఆనాటి సైన్యం గుమాస్తాకు మన ఇంటిపేరుతో పని లేదు. చాలామంది సిపాయిలు ఒంటి పేరుతోనే చేరారు, ఆ ఒక్క పేరునే ఇప్పుడు వెబ్‌సైట్ ఇంటిపేరు గడిలో చూపిస్తుంది. కాబట్టి వెతకవలసింది ఊరి మీదుగా. అది ఇలా:

1. పేరు గడులన్నీ ఖాళీగా వదిలేయండి.
2. యుద్ధం ఎంచుకోండి. ఏ సైన్యంలో పనిచేశారన్న చోట భారత సైన్యం పెట్టండి.
3. అదనపు సమాచారం అనే గడిలో తాలూకా పేరు ఒక్కటే కొట్టండి. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ ఈ గడిలోనే ఉంటాయి.
4. వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీట్‌గా దించుకోండి. తాలూకాకు వందల్లో వచ్చినా భయపడకండి.
5. ఊరి పేరు, తండ్రి పేరు కళ్లతో వెతకండి. కంప్యూటరుకు అందని స్పెల్లింగు మీ కంటికి అందుతుంది, ఎందుకంటే ఆ ఊరి పేరు ఎలా పలుకుతారో మీకు తెలుసు.

తాలూకా, జిల్లా పేర్లు ఆనాటి ఇంగ్లీషు తీరులో కొట్టాలి. ఏలూరు అప్పట్లో ఎల్లోర్, కాకినాడ కొకనాడ, మచిలీపట్నం మసూలిపటం, శ్రీకాకుళం చికకోల్, విజయవాడ బెజవాడ, విశాఖపట్నం వైజాగపటం. కడపను సీ యూ డీ డీ అక్షరాలతో మొదలుపెట్టేవారు, కృష్ణాను కిస్ట్నా అని రాసేవారు. జిల్లాల హద్దులూ మారాయి. 1925కు ముందు పశ్చిమ గోదావరి అనే జిల్లా లేదు, కాబట్టి మొదటి యుద్ధపు ఏలూరు మనిషి కృష్ణా జిల్లా కింద ఉంటాడు. శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం కింద ఉండేది, కాబట్టి రెండో యుద్ధం నాటికి విశాఖ జిల్లా పేరు కింద కనిపిస్తుంది. తాలూకా పేరు మారదు గనక దానితోనే మొదలుపెట్టమనడం. కొన్ని నమోదుల్లో అదనపు సమాచారం గడి పూర్తిగా ఖాళీ. అలాంటివి ఈ పద్ధతిలో దొరకవు, పేరుతోనే పట్టుకోవాలి.

పేర్లు ఎలా విరిగాయో చూడండి

లచ్చయ్య అనే పేరు తీసుకోండి. "చ్చ"ను ఆనాటి గుమాస్తాలు టీ సీ హెచ్ అని రాసేవారు. మొదటి అచ్చుకు ఒకడు ఏ పెట్టాడు, ఇంకొకడు ఈ పెట్టాడు, ఇంకొకడు యూ పెట్టాడు. చివరి "అయ్య"కు ఏ వై వై ఏ, ఐ ఏ హెచ్, ఏ ఐ ఏ హెచ్, వై ఏ అని నాలుగు దారులు. మొదట్లో మూడు, చివర్లో నాలుగు కలిపితే ఒక్క లచ్చయ్యకే పన్నెండు స్పెల్లింగులు. చదువుకున్న గుమాస్తా ఎదురుపడితే ఆయనే లక్ష్మయ్య అయిపోతాడు.

ఇదే లెక్కన ఇంకొన్ని. బుచ్చయ్య, పిచ్చయ్య, అచ్చయ్యల్లో కూడా టీ సీ హెచ్ వెతకండి. ఎర్రన్న, ఎల్లయ్య, ఏసు లాంటి పేర్ల ముందు వై చేరుతుంది. వెంకన్నలో కే బదులు సీ ఉండొచ్చు. అప్పలస్వామి చివర్లో వకారం ఎగిరిపోయి అప్పలసామి అవుతాడు, ఎందుకంటే రాసిన గుమాస్తా చాలాసార్లు తమిళుడు. కృష్ణయ్య కిష్టయ్య అవుతాడు. షేక్‌కు మూడు నాలుగు రూపాలున్నాయి. దళిత క్రైస్తవ కుటుంబాల్లో ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఒకటి ఉండేవి. సైన్యంలో రెండో పేరు రాయించుకుని ఉండొచ్చు, రెండూ వెతకండి.

తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తే అది మీ మనిషే అనుకోవచ్చు. ఒక్కటే కలిస్తే తొందరపడొద్దు. ఒకే తాలూకాలో వెంకన్న కొడుకు రాములు ముగ్గురుండటం వింతేమీ కాదు.

దొరికిన నమోదును చదవడం

నమోదులో నంబరు, హోదా, పటాలం, తేదీ, స్మారకం పేరు, గోడ మీద చోటు ఉంటాయి. స్మారకం పేరే సగం కథ చెప్తుంది.

మొదటి యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ పటాలాలు ఎక్కువగా తిరిగినవి మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా. అందుకే మనవాళ్ల పేర్లు ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం కంటే ఇరాక్‌లోని బస్రా స్మారకం కింద ఎక్కువ ఎదురవుతాయి. బస్రా గోడ ఫొటోలో పేరు కనబడలేదని కంగారుపడకండి. ఆ గోడ మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకెలో చూపించారు. పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. తెల్ల సిపాయికి పేరు, నల్ల సిపాయికి అంకె. కమిషన్ తానే 2021లో ఒక నివేదికలో ఈ వివక్షను ఒప్పుకుంది.

ఢిల్లీ ఇండియా గేటు కూడా మొదటి యుద్ధపు స్మారకమే. 1931లో ఆవిష్కరించిన ఆ కట్టడం మీద పదమూడు వేల పైచిలుకు పేర్లున్నాయి. ఇంకొకటి, మన దగ్గరి కంటోన్మెంట్ శ్మశానాల్లో పూడ్చి, తర్వాత నిలబెట్టలేకపోయిన సమాధులవారి పేర్లు చెన్నై నందంబాక్కంలోని మద్రాసు వార్ సెమెట్రీలో ఉన్న 1914-1918 స్మారకం మీద ఉంటాయి.

రెండో యుద్ధానికొస్తే, సమాధి దొరకని బర్మా సిపాయి పేరు యాంగాన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉంటుంది. అక్కడ దాదాపు 27,000 పేర్లు. సింగపూర్ క్రాంజీ స్మారకం మీద ఉండి, తేదీ 1942 ఫిబ్రవరి 15 తర్వాతిదైతే, ఆయన జపాన్‌వాళ్ల చేతికి చిక్కిన ఖైదీ అయివుండే అవకాశం గట్టిగా ఉంది. అలాంటివాళ్లను న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులదాకా కూలిపనికి తీసుకెళ్లారు, కొందరి సమాధులు అక్కడి రబౌల్, లే అనే ఊళ్లలో ఉన్నాయి. ఢిల్లీ లేదా కరాచీ 1939-1945 స్మారకం అని ఉంటే చాలాసార్లు యుద్ధరంగానికి దూరంగా పోయినవారు. ఆ పేర్లు గోడ మీద చెక్కలేదు, రోల్ ఆఫ్ ఆనర్ పుస్తకాల్లో ఉంటాయి. ఢిల్లీ కంటోన్మెంట్‌కి వెళ్లి గోడలు వెతికి ఏడ్చుకుంటూ తిరిగిరావద్దు.

క్రిమేషన్ మెమోరియల్ అన్న మాట కనిపిస్తే అది దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం. కొహిమాలో ఒకటుంది, తొమ్మిది వందల పైచిలుకు పేర్లతో.

వైమానికుల విషయం

విమానంలో పోయినవాళ్లను వెతకడంలో ఒక సౌలభ్యం ఉంది. తేదీ, స్క్వాడ్రన్ (అంటే విమానాల పటాలం) తెలిస్తే చాలు. అదే తేదీ, అదే స్క్వాడ్రన్ పెట్టి మళ్లీ వెతకండి, ఆ విమానంలో ఉన్న మిగతావాళ్లు బయటపడతారు. 1944లో భారత వైమానిక దళం 7, 8 నంబరు స్క్వాడ్రన్‌లు బర్మా సరిహద్దులో నడిపిన వెంజెన్స్ బాంబర్లలో ఇద్దరేసి ఉండేవారు. ఒకే తేదీకి రెండు పేర్లొస్తే అది ఒకే కూలిపోవడం అనుకోవచ్చు. ఇంఫాల్‌లో ఉన్న 1వ స్క్వాడ్రన్ హరికేన్ విమానాల్లో మాత్రం ఒక్కడే పైలట్.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి: ఒకే విమానంలో పోయిన ఇద్దరి పేర్లు రెండు దేశాల్లో ఉండొచ్చు. ఒకరి శరీరం దొరికి ఇంఫాల్‌లోనో తౌక్యాన్‌లోనో సమాధి అయితే, దొరకనివారి పేరు సింగపూర్ గోడ మీదికి వెళ్తుంది. బర్మా మీద కూలినా సరే, ఎందుకంటే రంగూన్ స్మారకం నేల మీద పోరాడిన దళాలకే. దక్షిణ, తూర్పు ఆసియాలో ఆచూకీ లేని వైమానికుల పేర్లు సింగపూర్‌లో చెక్కారు. యూరప్ మీద ఎగిరి ఆచూకీ లేకుండా పోయినవాళ్లకైతే ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం. అక్కడ ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి.

విమానం ఎందుకు, ఎక్కడ పడిపోయిందో తెలుసుకోవాలంటే స్క్వాడ్రన్ కార్యకలాపాల పుస్తకం కావాలి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 అనే వరుసలో ఉంటాయి. అందులో ఫారం 540 ఆ రోజు సారాంశం, ఫారం 541 ఏ విమానంలో ఎవరు ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి దిగారు అన్న వివరం. తిరిగి రానివాళ్ల వరుసలో దిగిన వేళ ఉండదు.

హైదరాబాద్ పేరు కనిపిస్తే ఒక మాట. బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) 110, 152, 253 స్క్వాడ్రన్ల పేర్లలో హైదరాబాద్ ఉంది. 110వ దానికి 1918లో నిజాం విమానాలకు డబ్బిచ్చాడు, ఆ దాతృత్వం గుర్తుగా వచ్చిన పేర్లివి. అందులో పోయినవాళ్లు హైదరాబాదీలని అనుకుని ఊరి జాబితాలో ఎక్కించకండి.

పటాలం డైరీ

సైనికులకు యుద్ధ డైరీలున్నాయి. క్యూ లోనే మొదటి యుద్ధానికి డబ్ల్యూఓ 95, బర్మా, మలయా వైపు రెండో యుద్ధానికి డబ్ల్యూఓ 172. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. డైరీలో అధికారి పోతే పేరు రాస్తారు, సిపాయిలు పోతే "ఐఓఆర్ 3" అని అంకె వేస్తారు, అంటే ఇండియన్ అదర్ ర్యాంక్స్ ముగ్గురు. వీసీఓ అంటే జమేదారు, సుబేదారు స్థాయి. మీ మనిషి తేదీకి ఆ అంకె కనిపిస్తే ఆ రోజు ఏ కొండ మీద, ఏ వాగు దగ్గర ఏం జరిగిందో తెలుస్తుంది. అంతవరకే.

సిపాయి సొంత కాగితం షీట్ రోల్. అది పటాలం రికార్డు ఆఫీసులో ఉండాలి. మద్రాసు సాపర్లకు (సైన్యంలో ఇంజనీరు దళం) బెంగళూరు, మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. రాసేటప్పుడు నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, తేదీ ఒకే కాగితం మీద, కమిషన్ నమోదు ప్రింటు జతచేసి పంపండి. నంబరు లేకుండా రాస్తే పని జరగదు. పటాలమే రద్దయిపోయి ఉంటే, 1930ల మొదట్లో రద్దయిన మద్రాసు పయనీర్లలా, మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ఎక్కడికి రాయాలో అడగండి.

1947 తర్వాతివారి సంగతి ఇక్కడే. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ఆవిష్కరించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలక ఉంది. పేరు, హోదా, పటాలంతో ఆన్‌లైన్‌లోనే వెతకొచ్చు. తప్పో లోపమో ఉంటే దానికీ సైనిక సంక్షేమ కార్యాలయమే మొదటి మెట్టు.

దొరకకపోతే

మూడు కారణాలుంటాయి. స్పెల్లింగు మీకు చిక్కలేదు. లేదా ఆయన బతికి వచ్చి, విడుదలయ్యాక పోయారు, ఇంట్లో కథ మారింది. లేదా నిజంగానే పేరు ఎక్కలేదు. మూడోది అరుదు కాదు. కమిషన్ 2021 నివేదిక ప్రకారం మొదటి యుద్ధంలో కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 దాకా, పేరుతో స్మరణకు నోచుకోలేదు, కొందరికి ఏ స్మరణా లేదు. అందులో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికావాళ్లు, ఈజిప్షియన్లు.

పేరు చేర్చమనో స్పెల్లింగు దిద్దమనో కమిషన్‌కు రాయొచ్చు. మీ ఊరి పెద్దమనిషి ధ్రువపత్రం, సర్పంచి లెటర్‌హెడ్ అక్కడ చెల్లవు. ఆనాటి కాగితం కావాలి: పెన్షను ఉత్తర్వు, పటాలం నుంచి వచ్చిన ఉత్తరం, డిశ్చార్జి కాగితం, మరణానికి కారణం రాసిన సైనిక కాగితం. అన్నీ రంగులో స్కాన్ చేసి, అంచులు కనబడేలా, వెనకవైపు కూడా పంపండి. పోస్టు ముద్రలూ నంబర్లూ తరచు వెనకే ఉంటాయి.

వెళ్లి చూడాలనుకుంటే

గోడ మీద చోటు రాసుకోకుండా బయల్దేరవద్దు. రంగూన్ స్మారకంలో ఫేస్ నంబరు, సింగపూర్‌లో కాలమ్ నంబరు, బస్రా, నవ్ షాపెల్‌లలో ప్యానెల్ నంబరు ఉంటుంది. 27,000 పేర్లలో నంబరు లేకుండా వెతికితే పొద్దుగూకుతుంది.

ఇంఫాల్‌లో రెండు వేర్వేరు శ్మశానవాటికలున్నాయి. ఇంఫాల్ వార్ సెమెట్రీ ఒకటి, ఇంఫాల్ ఇండియన్ ఆర్మీ వార్ సెమెట్రీ ఒకటి. దహన స్మారకం ఉన్నది రెండోదాంట్లో. ఆటోవాడు తిన్నగా మొదటిదానికే తీసుకెళ్తాడు. నాగాలాండ్, మణిపూర్‌లకు మన దేశస్థులకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, అక్కడి పరిస్థితీ ముందు కనుక్కోవాలి.

సమాధి రాయి మీద నూనె, పసుపు, కుంకుమ రాయకండి. నేల మీద పూలు పెట్టండి. రాయి నూనెను పీల్చుకుంటుంది, మరక ఇక వదలదు.

తద్దినం ఏ రోజు

నమోదులో తేదీ దొరికాక ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఆ ఏటి పంచాంగం నుంచి తిథి తీయించుకోవచ్చు, అయితే మనిషి పోయిన దేశపు సమయానికి తీయించండి. ఫ్రాన్స్‌కూ మనకూ అయిదున్నర గంటల తేడా ఉన్న రోజులవి, తిథి మారిపోవచ్చు. చాలా నమోదుల్లో, ముఖ్యంగా 1942 వాటిలో, ఫలానా తేదీకీ ఫలానా తేదీకీ మధ్య అని ఉంటుంది. అలాంటప్పుడు మహాలయ పక్షంలో భాద్రపద బహుళ చతుర్దశి ఉంది. ఆయుధంతో పోయినవారికి శాస్త్రం కేటాయించిన రోజది, పురోహితులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. క్రైస్తవ కుటుంబాలకు నవంబరు 2న సమాధుల పండుగ ఉంది, ముస్లిం కుటుంబాలు షబ్-ఎ-బరాత్ రాత్రి ఫాతెహాలో పేరు చేర్చుకోవచ్చు. ఊరు మొత్తానికి ఒకే రోజు కావాలంటే నవంబరు 11 సరిపోతుంది, మొదటి యుద్ధం ఆగిన రోజు.

ఊళ్లో రాయి పెట్టడం

పేర్ల జాబితా పూర్తిగా సరిచూశాకే రాయి సంగతి ఎత్తండి. రాతి మీద తప్పు దిద్దలేం. ఒక్కో పేరుకూ నమోదు ప్రింటు, కుటుంబం చెప్పిన పేరు పక్కపక్కన పెట్టి, ఆ ఇంటివాళ్లతో సంతకం పెట్టించుకోండి. రాతి మీద తెలుగులో ఇంటివాళ్లు పిలుచుకున్న పేరు వేసి, కింద చిన్న అక్షరాల్లో రిజిస్టరులోని ఇంగ్లీషు స్పెల్లింగు ఉన్నదున్నట్టు, నంబరు, పటాలం, తేదీ వేయండి. రేపు ఎవరైనా మళ్లీ వెతకాలంటే ఆ తప్పు స్పెల్లింగే తాళంచెవి. వీరమరణం అన్న మాట అందరికీ అంటించకపోవడం మంచిదని మా అభిప్రాయం. కలరాతో పోయినాయన పక్కన అది అబద్ధంగా ఉంటుంది, ఆయనకే వేయకపోతే అవమానంగా ఉంటుంది. అందరికీ "మరణం" అని తేదీ వేస్తే చాలు.

రాయి నల్ల గ్రానైట్ తీసుకోండి. కడప నాపరాయి పొరలుగా లేస్తుంది, సన్న అక్షరం నిలవదు. పాలరాయి వానకు నల్లబడుతుంది, అక్షరం అంచులు కరుగుతాయి. అద్దంలా పాలిష్ పట్టిన ముఖం మధ్యాహ్నం ఎండలో చదవనివ్వదు, మెరుపు తగ్గించిన ఫినిషింగ్ అడగండి. మందం 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు రాతిలో శీర్షికకూ అంచులకూ ఒక పావు పోతే మిగిలేది సుమారు 685 మిల్లీమీటర్లు. తెలుగు అక్షరం 25 మిల్లీమీటర్లు ఉంటే గానీ రెండు మీటర్ల దూరం నుంచి చదవలేం. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసకు 55 మిల్లీమీటర్లు కావాలి. అంటే పన్నెండు వరుసలు. ఒక్కొక్కరికి తెలుగు వరుస ఒకటి, ఇంగ్లీషు వరుస ఒకటి అయితే ఆరుగురే. అంతకు మించితే రెండో రాయి తీసుకోండి గానీ అక్షరం చిన్నది చేయకండి. అడుగున రెండు వరుసలు ఖాళీ వదలండి, అంటే ఇప్పటికి అయిదుగురే, తర్వాత దొరికేవాళ్లుంటారు.

అసలు గండం డీటీపీ సెంటరులో ఉంది. మీరు యూనికోడ్‌లో పంపిన పేర్లు వాళ్లు "అను" అనే డీటీపీ తెలుగు ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు ఎగిరిపోవడమో పక్క అక్షరం కిందికి జరగడమో మామూలే. "లక్ష్మయ్య"లో మకారం కనబడదు, "వెంకట్రామయ్య"లో రకారం ఇంకెక్కడో తేలుతుంది. రాతి సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, గోడకు అంటించి, ఇద్దరు వేర్వేరుగా పైకి చదవండి. అంకెలను వెనకనుంచి ముందుకు చదివితే తప్పు త్వరగా దొరుకుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టాకే, రాతికి అంటించే స్టిక్కర్ అచ్చు కోయించండి. అక్షరం చెక్కడానికి ఆ స్టిక్కర్ మీద ఇసుక కొట్టేటప్పుడు "ఠ", "థ" కడుపులోని చుక్కల్లాంటి చిన్న ముక్కలు ఊడి "ర", "ధ"ల్లా తయారవుతాయి. కొట్టేముందు వాటిని వేలితో ఒకసారి నొక్కించండి. లోతు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే రంగు పోయినా అక్షరం మిగులుతుంది.

చోటుకు గ్రామ పంచాయతీ తీర్మానం రాతపూర్వకంగా తీసుకోండి. ఆర్ అండ్ బీ రోడ్డు మార్జిన్‌లో పెడితే రోడ్డు వెడల్పులో పోతుంది. బడి ఆవరణ, పంచాయతీ ఆఫీసు గోడ నయం. నేల నుంచి రాయి అడుగంచు కనీసం అడుగున్నర పైన ఉండాలి, లేకపోతే వాన చినుకుల బురద, సంక్రాంతి సున్నం రెండూ కింది పేర్ల మీదే పడతాయి. వెనక సిమెంటు ఒక్కటే నమ్మకుండా నాలుగు మూలలా స్క్రూలు వేయించండి. రంధ్రం అంచు నుంచి 50 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి, దగ్గరైతే మూల పెచ్చు లేస్తుంది.

పాత రాయి ఉంటే

కొన్ని ఊళ్లలో ముందే ఒక రాయి ఉంది, చాలామందికి తెలియదు. 1914-1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో చెక్కిన చిన్న పలక, పాత బడి గోడకో చావడికో బిగించి ఉంటుంది. పేర్లుండవు. సున్నాల పొరల కింద మూసుకుపోయి ఉండొచ్చు. దాన్ని తీసి కొత్తది పెట్టకండి. మీరు తీసిన పేర్ల సంఖ్య ఆ అంకెతో పోల్చి చూడండి, తేడా ఉంటే ఇంకా వెతకాలి.

శుభ్రం చేయాలంటే మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, అంతే. సున్నం పొరను ముందు రోజు నుంచీ తడిగుడ్డ కప్పి నాననిచ్చి, వెదురు పుల్లతో మెల్లగా లేపండి. యాసిడ్, బాత్‌రూం క్లీనరు తగిలితే పాలరాయి నురగలు కక్కుతూ కరుగుతుంది, అక్షరం దానితోపాటే పోతుంది. ఇనుప బ్రష్ గీతలు పెడుతుంది, విరిగిన తీగముక్కలు తుప్పు పట్టి గోధుమరంగు మచ్చలు దిగుతాయి. అక్షరాల్లో సుద్దపొడో పిండో నింపి ఫొటో తీయొద్దు. పొద్దున్నే ఎండ పక్కవాటుగా పడే వేళ చూసి తీయండి. ఆ గోడకు ఎండ తగలకపోతే ఒక అద్దం తెచ్చి, పక్క నుంచి ఎండను రాతి మీదికి మళ్లించండి.